కాగితపు పూవుల మేరీ డెలానీ

లండను నగరమందలి బ్రిటిషు మ్యూజియములో పది సంపుటములుగా కూర్చబడిన పూవుల బొమ్మలు కలవు. వాని సంఖ్య 985. ప్రతి పుటయు నల్లని నేల. ఆ నేలమీద ఒక్కొక్క మొక్క తన కాడతో, ఆకులతో, మొగ్గలతో, విచ్చిన పూవుతో నిలిచియుండును. దూరమునుండి చూచువారు ఇవి కుంచెతో వేసిన చిత్రములని తలంతురు. దగ్గరకు పోయి చూచినచో, ఒక్కొక్క రేకునందును సన్నని రంగుకాగితపు తునుకలు ఒకదానిపై నొకటి అంటింపబడియుండుట కనబడును. వెలుగు పడినచోట లేతరంగు తునుక, నీడ పడినచోట ముదురురంగు తునుక, ఈనె యున్నచోట వెండ్రుకవంటి కాగితపు పోగు. ఇవి యన్నియు ఒక్క స్త్రీ చేతిపని. ఆమె ఈ పనిని ఆరంభించునప్పటికి ఆమెకు 72 సంవత్సరముల వయస్సు.

ప్రతి డిసెంబరు మాసమునందును మన పాఠశాల బాలబాలికలు రంగుకాగితములు కత్తిరించి, పూవులు కూర్చి, గ్రీటింగు కార్డులు చేయుదురు. వానిని చూచి సంతోషించు తల్లిదండ్రులు కలరు. పరీక్షలు దగ్గరపడుచుండగా ఈ కత్తెరపని యేల యని అడుగువారును కలరు. అడిగినవారిపై మాకు కోపము లేదు. జీతపురాళ్లు కష్టపడి సంపాదించి బిడ్డను బడికి పంపినవారు అడుగవలసిన ప్రశ్నయే అది. దానికి తర్కముతో బదులు చెప్పుటకంటె ఈ స్త్రీ జీవితమును చెప్పుట మేలని మాకు తోచినది.

మేరీ గ్రాన్‌విల్ 1700 సంవత్సరము మే నెల 14 వ తేదీని ఇంగ్లండు దేశమున విల్టుషైరు మండలమందలి కౌల్‌స్టన్ అను గ్రామములో జన్మించెను. తండ్రి బెర్నార్డు గ్రాన్‌విల్ సైన్యమున కర్నలు. కుటుంబము గొప్పదే గాని సిరి అంతగా లేదు. రాణిగారి కొలువులో చేరదగిన చదువు, నడవడి నేర్చుటకై ఆమెను లండనులో మేనత్తయింట నుంచిరి. అక్కడ ఆమె ఇంచుమించు పదేండ్ల పిల్లగా నున్నప్పుడు, అప్పుడే ఆ దేశమునకు క్రొత్తగా వచ్చిన సంగీత విద్వాంసుడు హాండెల్ ఆ యింటికి వచ్చి, ఆమె చిన్న వాద్యముమీద వాయించెనట. ఆయన వెళ్లినవెంటనే ఈ బాలిక ఆ పీటమీదనే కూర్చుండి వాయింప మొదలిడెను. నీవు ఎప్పటికైనను ఆయనవలె వాయింపగలవా యని ఇంటివారు హాస్యమాడగా, అట్టి ఆశ లేకపోయినచో ఈ వాద్యమును తగులబెట్టియుందునని ఆమె బదులు చెప్పినదట. ఆమె సంగీతముతో పేరు పొందలేదు. హాండెల్ మాత్రము జీవితాంతము ఆమెకు మిత్రుడుగా నుండెను. బాల్యములో బడిలో తోడిపిల్లల యెదుట కాగితముతో పూవులను, పిట్టలను కత్తిరించుటయు ఆమెకు అలవాటే. ఆ కత్తెర మరల పనిలోనికి వచ్చుటకు అరువదేండ్లకు పైగా పట్టినది.

1714 లో ఆన్ రాణి మరణించెను. గ్రాన్‌విల్ వంశమువారు పాత రాజవంశమునకు పక్షపాతులు గనుక క్రొత్త రాజుగారి కాలములో వారికి ఆదరము పోయెను. కొలువు ఆశ అడుగంటెను. కుటుంబము గ్లౌస్టరుషైరులోని ఒక పల్లెకు తరలిపోయెను. పేదరికమునకు మందుగా పెద్దలు కనిపెట్టినది పెండ్లి. 1718 లో, పదునెనిమిదేండ్లు నిండకుండనే, ఆమెను అలెగ్జాండరు పెండర్వెస్ అను అరువదేండ్ల ధనవంతునికిచ్చి వివాహము చేసిరి. కన్యాశుల్కము నాటకమును చదివినవారికి ఈ కథ క్రొత్తగా తోచదు. దేశము వేరు, కాలము వేరు, లెక్కమాత్రము ఒక్కటే. వరుడు కార్న్‌వాల్ ప్రాంతమున శిథిలమైన పాతయింటికి ఆమెను తీసికొనిపోయెను. అతడు త్రాగుబోతు, అనుమానపువాడు, కీళ్ల వాతముతో మంచము పట్టినవాడు. ఏడేండ్లు ఆమె అతనికి పరిచర్య చేసెను. 1725 లో అతడు ఒక రాత్రి నిద్రలోనే మరణించెను. మరణశాసనమును మార్చి వ్రాయనందున, ఏ ఆస్తి కొరకు ఆ పెండ్లి చేసిరో ఆ ఆస్తి ఆమెకు దక్కలేదు. ఏటేట వచ్చు కొలదిపాటి భరణము మాత్రము మిగిలినది.

అయినను ఆ దేశపు చట్టమునందు విధవకు ఒక స్వేచ్ఛ యుండెను. పెండ్లికాని పిల్ల తండ్రి చేతిలోనిది, పెండ్లియైనది భర్త చేతిలోనిది. విధవ తన సొమ్మునకు తానే యజమానురాలు. ఇరువదియైదేండ్ల మేరీ పెండర్వెస్ ఆ స్వేచ్ఛను వ్యర్థపరచలేదు. పలువురు వరులు వచ్చినను తొందరపడలేదు. చదివెను, చిత్రలేఖనము నేర్చెను, కుట్టుపని చేసెను. మెథడిస్టు ఉద్యమమునకు మూలపురుషుడైన జాన్ వెస్లీతో ఆయన యౌవనమున ఉత్తరప్రత్యుత్తరములు జరిపినవారిలో ఆమెయు నొకతె. 1731 లో ఐర్లండునకు పోయి, అక్కడ గలివరు యాత్రలు వ్రాసిన జొనాథన్ స్విఫ్టుతోను, ఆయన స్నేహితుడైన పాట్రిక్ డెలానీ అను మతగురువుతోను పరిచయము సంపాదించెను.

ఆ కాలపు ఆమె కుట్టుపనిలో మేము ప్రత్యేకముగా చెప్పదలచినది ఒకటి కలదు. రాజదర్బారునకు ధరించుటకై ఆమె నల్లని పట్టుబట్టమీద రంగుదారములతో అసలు పూవులను బోలిన పూవులను కుట్టినది. బంగారుజరీతో తీగలు కుట్టుకొను రోజులలో నల్లనేలపై తోటలోని పూవులు! ముప్పదేండ్ల తరువాత ఆమె కాగితపు పూవులకు నల్లనేలను ఎన్నుకొనుట ఆకస్మికము కాదని మా యభిప్రాయము.

పాట్రిక్ డెలానీ భార్య 1741 లో మరణించెను. 1743 లో ఆయన సముద్రము దాటి లండనునకు వచ్చి మేరీని వివాహమాడ గోరెను. ఆయన ఉన్నత వంశజుడు కాడని ఆమె యన్నగారు అయిష్టము చూపిరి. ఆమె వినలేదు. మొదటి పెండ్లి పెద్దలు చేసిరి. రెండవది ఆమె తానే చేసికొనెను. అప్పటికి ఆమెకు 43, ఆయనకు ఇంచుమించు 57. డబ్లిను నగరము చేరువను గ్లాస్‌నెవిన్‌లోని డెల్‌విల్ అను వారి యింటిలో ఇరువదియైదేండ్లు సుఖముగా జీవించిరి. ఆయన తోటను ప్రేమించెను. ఆమె ఆ తోటను చిత్రించెను. గవ్వలతో, శంఖులతో ఇంటి కప్పులకు అలంకారములు చేసెను. ఆ యింటి ప్రార్థనాగృహమును గవ్వలతో తీర్చిన పూవులతో శృంగారించెను. ఇంటి వంట, ఇరుగుపొరుగు, తోటలోని మొక్క, చేతిలోని కుట్టు, ఇవి యన్నియు చెల్లెలు ఆన్‌కు వ్రాసిన ఉత్తరములలో తెలియుచున్నవి. 1761 లో ఆ చెల్లెలు మరణించెను. 1768 లో భర్త మరణించెను. అరువదియెనిమిదేండ్ల వయస్సున ఆమె రెండవసారి విధవ యయ్యెను. బిడ్డలు లేరు.

ఇక్కడితో జీవితము ముగిసినదని తలచుట లోకరీతి. ఆమెకును కొంతకాలము అట్లే తోచియుండును. అట్టి సమయమున ఆమెను చేరదీసినది పోర్ట్‌లండు డచెస్ మార్గరెట్ బెంటింక్. ఈ ధనవంతురాలికి బకింగ్‌హాంషైరులో బుల్‌స్ట్రోడ్ అను భవనము కలదు. గవ్వలు, పురుగులు, మొక్కలు, పక్షిగుడ్లు మొదలైనవి ఆమె సేకరించుచుండెను. ఆ యింట లైట్‌ఫుట్ అను గురువు ప్రార్థనలతోపాటు వృక్షశాస్త్రమునుకూడ నడపుచుండెను. స్కాట్లండు మొక్కలనుగూర్చి 1777 లో ఆయన ప్రచురించిన గ్రంథము పేరుగన్నది. కెప్టెను కుక్‌తో భూగోళమును చుట్టివచ్చిన జోసెఫ్ బ్యాంక్స్, సొలాండరు గారలును డచెస్‌కు పరిచితులు. 1771 లో బ్యాంక్స్ ఇంటికి పోయి, ఆయన తెచ్చిన క్రొత్త మొక్కలను మేరీ డెలానీ కన్నులార చూచెను. అంతఃపురపు కుట్టుపనికిని శాస్త్రజ్ఞుని భూతద్దమునకును అక్కడ స్నేహము కలిసెను.

1772 లో ఒకనాడు బుల్‌స్ట్రోడ్ భవనమున ఆమె బల్లమీద ఎర్రని జెరేనియము పూవొకటి యుండెను. పక్కన ఎర్రకాగితపు ముక్క యొకటి పడియుండెను. రెండింటి రంగును ఒక్కటియే. ఆమె కత్తెర తీసికొని ఆ కాగితమునుండి రేకులు కత్తిరింప మొదలిడెను. అంతలో లోపలికి వచ్చిన డచెస్ ఆ రేకులను చూచి, అసలు పూవునే యేల త్రుంచుచున్నావని అడిగెనట. అంత తెలివిగల సేకర్త కన్నును మోసపుచ్చిన కాగితము సామాన్యమైనది కాదు. ఆ దినమునుండి పది సంవత్సరములు ఆమె ఆ పనిని విడువలేదు.

ఆ పని చేయు విధమును కొంచెము వివరముగా చెప్పెదము. ఏలయన దానిలోనే సారమున్నది. మొదట దళసరి కాగితమునకు నల్లరంగు పూసి ఆరబెట్టెడిది. కొన్ని రంగుకాగితములను తానే రంగువేసికొనెడిది. గోడలకంటించు కాగితములు తయారుచేయువారియొద్ద రంగు చెదరి పనికిరాక పోయిన ముక్కలను తెచ్చుకొనెడిది. రంగు చెదరిన కాగితము గోడకు పనికిరాదు; ఎండకు వాడిన రేకును చూపుటకు అంతకంటె మేలైనది లేదు. ప్రాణమున్న మొక్కను ఎదుట పెట్టుకొని, దానిని చూచుచు, పెన్సిలుతో గీత గీయకయే కత్తిరించెడిదని చెప్పుదురు. ముదురు ముక్కపై లేత ముక్కను, లేత ముక్కపై నింకను లేత ముక్కను అంటించి, నీడనుండి వెలుగును పైకి తెచ్చెడిది. అవసరమైనచోట మాత్రమే రంగునీటితో ఒక చుక్క దిద్దెడిది. 1777 లో చేసిన ఒక పాషను పూవునందు, ఆ విచ్చిన పూవునకు మాత్రమే 230 కాగితపు రేకులు కలవని లెక్కించినవారు చెప్పుచున్నారు.

ఇంతేకాదు. ఆ కాలమున స్వీడను దేశపు లిన్నేయసు పండితుని పద్ధతి క్రొత్తగా వ్యాపించుచుండెను. ఆ పద్ధతిలో పూవులోని కేసరములెన్ని, కీలములెన్ని యను లెక్కనుబట్టి మొక్కకు తరగతి యేర్పడును. డెలానీ కాగితమును కత్తిరించుటకు ముందు పూవును విప్పి లెక్కించెడిది. ఆరు కేసరములున్న పూవునకు ఆరే కత్తిరించెడిది; అందముకొరకు ఏడవదానిని చేర్చెడిది కాదు. ప్రతి చిత్రమునకును మొక్క యొక్క లాటిను పేరు, లిన్నేయసు తరగతి, సామాన్యనామము, చేసిన స్థలము, తేదీ, ఆ మొక్కను ఇచ్చినవారి పేరు వ్రాసికొనెడిది. మూలను తన పేరులోని రెండక్షరములను కాగితముతోనే కత్తిరించి అంటించెడిది. జోసెఫ్ బ్యాంక్స్ గారు, తాను చూచిన పూవుల బొమ్మలన్నిటిలో ఈ కాగితపు పూవులనుబట్టియే తప్పు లేకుండ మొక్కను వర్ణింపవచ్చునని అభిప్రాయపడినట్లు చెప్పుదురు. ఒక శాస్త్రజ్ఞుడు ఒక వృద్ధురాలి కత్తెరకు ఇచ్చిన యోగ్యతాపత్రము ఇది. మా దృష్టిలో రాజుగారి మెప్పుకంటె ఇది గొప్పది.

రాజుగారి మెప్పును కొరవడలేదు. మూడవ జార్జి రాజును షార్లటు రాణియు బుల్‌స్ట్రోడ్‌నకు వచ్చి ఈ సంపుటములను చూచి, క్యూ ఉద్యానవనమునుండి అపురూపమైన మొక్కలను ఆమెకు పంపింపసాగిరి. చెల్సీలోని ఔషధవనమునుండియు, స్నేహితుల తోటలనుండియు మొక్కలు వచ్చెడివి. పూవు వాడిపోకముందే పని ముగియవలెను. తెచ్చినవాడు వాకిట నిలువగానే కత్తెర తీయవలెను. 1781 లో రాణి ఆమెకు పట్టుతో కుట్టిన చిన్న సంచిలో బంగారుపిడుల కత్తియు, కత్తెరయు, పెన్సిలును, కొలబద్దయు, వృత్తలేఖినియు పెట్టి బహూకరించెను. కిరీటధారిణి పనిముట్లను బహుమానముగా ఇచ్చుట మాకు ఎంతయు నచ్చినది.

ఈ పద్ధతిని మేము గత సంవత్సరము చేతిపనుల తరగతిలో గ్రీటింగు కార్డులకు అన్వయించి చూచితిమి. దళసరి అట్టను మధ్యకు మడిచి, ముందుభాగమున నల్లకాగితమును అంటించితిమి. ఆరంభమున పిల్లలు తమకు తోచిన పూవును కత్తిరించిరి. అందరిదియు ఒకే పూవు: గుండ్రని నడుము, చుట్టు ఆరో యెనిమిదో రేకులు, క్రింద రెండాకులు. అట్టి పూవు ఏ తోటలోను పూయదు. తరువాత ప్రహరీప్రక్కనున్న మందారచెట్టునుండి ఒక్కొక్కరికి ఒక్కొక్క పూవును ఇచ్చి, దానిని విప్పి బల్లమీద వరుసగా పేర్చుమంటిమి. రేకులు అయిదు, ఒక్కొక్కటి ప్రక్కదాని అంచును కప్పుచు కొంచెము మెలితిరిగియుండును. కనుక అన్నిటిని విడివిడిగా కత్తిరించి, ఒకదాని అంచుక్రింద మరియొకదాని అంచును దూర్చి అంటింపవలెను. రేకు అడుగున ముదురెరుపు, నడుమ ఎరుపు, అంచున లేత ఎరుపు: మూడు కాగితములు. మొదట ముదురుది, దానిపై తక్కినవి. నడుమనున్న కేసరముల గొట్టము రేకులకంటె పొడవుగా పైకి వచ్చి, చివర అయిదు చిన్న ఎర్రని బొట్లుగా చీలును. వానిని సూదిమొనతో పెట్టవలసినదే, వ్రేలితో కాదు. ఆకును ఈనెవద్ద రెండుగా చేసి, వెలుగువైపు లేతపచ్చ, నీడవైపు ముదురుపచ్చ వేసినచో అది పుటనుండి లేచివచ్చినట్లుండును. గంజివలె ఉడికించిన మైదాజిగురును పలుచగా పూసి, బరువైన పుస్తకములక్రింద ఒక రాత్రి ఉంచినచో ముడుతలు పడవు. పురుగు పట్టకుండుటకు పుస్తకములు కుట్టువారు ఆ జిగురులో మైలుతుత్తము కలుపుదురు. అది విషము గనుక పిల్లలు దాని జోలికి పోరాదు.

ఆ తరగతిలో, లెక్కలలోను చదువులోను వెనుకబడిన ఒక బాలిక చేయి పైకెత్తి, మందారమునకు పచ్చని రక్షకపత్రముల వరుసకు వెలుపల మరియొక సన్నని పచ్చవరుస ఉన్నదేల యని అడిగినది. వృక్షశాస్త్రమును కంఠస్థము చేసిన పెద్దపిల్లలు ఎవరును దానిని అంతవరకు చూచియుండలేదు. ఆ కార్డు ఆమె తండ్రికి పోయినది. కత్తెరపని దండుగయని మాతో వాదించినవారిలో ఆయన మొదటివారు. ఆయన అభిప్రాయము మారినదని మేము చెప్పజాలము. ఆ కార్డు మాత్రము వారి యింట గోడగడియారము ప్రక్కన నున్నది.

డెలానీ చరిత్రమును ముగింపవలసియున్నది. వేయి పూవులు పూర్తిచేయవలెనని ఆమె సంకల్పము. 1782 లో, 82 వ యేట, కంటిచూపు తగ్గిపోవుటచేత ఆమె కత్తెరను క్రింద పెట్టెను. లెక్కకు పదునైదు తక్కువ. ఆ సంవత్సరమే జాన్ ఓపీ అను చిత్రకారుడు ఆమె రూపమును చిత్రించెను; నల్లని ముసుగు, తెల్లని కుచ్చుల టోపీ, నిలుకడగా చూచు కన్నులు. 1785 లో ప్రాణస్నేహితురాలైన డచెస్ మరణింపగా రాజు ఆమెకు విండ్సరులో ఒక యింటిని, సంవత్సరమునకు 300 పౌనుల భరణమును ఏర్పరచెను. రాజును రాణియు ఆ చిన్నయింటికి సామాన్యులవలె వచ్చి పోవుచుండెడివారు. ఫానీ బర్నీ అను నవలారచయిత్రికి రాజదంపతులతో పరిచయము కలిగినది ఆ యింటిలోనే. 1788 సంవత్సరము ఏప్రిలు 15 వ తేదీని మేరీ డెలానీ లండనులో మరణించెను. పికడిల్లీలోని సెయింటు జేమ్సు దేవాలయమున సమాధి చేయబడెను.

సంపుటములు ఆమె చెల్లెలి సంతతివారి యొద్ద నుండెను. ముది మనుమరాలి వరుస యగు లనోవరు ప్రభ్వి, డెలానీ ఉత్తరములను 1861-62 సంవత్సరములలో ఆరు సంపుటములుగా అచ్చువేయించి, కాగితపు పూవులను బ్రిటిషు మ్యూజియమునకు ఇచ్చునట్లు వ్రాసిపోయెను. 1897 లో అవి అక్కడికి చేరినవి. నేడు వాని ఛాయాచిత్రములను కంప్యూటరులో ఎవరైనను చూడవచ్చును. మన పాఠశాలలోని పెద్ద తరగతులవారు చూచియున్నారు. అసలు పుటలను మాత్రము ఎల్లప్పుడును గోడలకు వ్రేలాడదీయరు, కాగితపు రంగులకు వెలుతురు శత్రువు గనుక. వానిలో కొన్నిటియందు కాగితపు ఆకుల నడుమ ఒక నిజమైన ఎండుటాకును ఆమె అంటించియున్నది. ఏది కాగితమో ఏది ఆకో చూపినవెంటనే చెప్పుట కష్టము.